ఆకాశం ఆయనది, అవకాశం నాది

నేను ఒక జేపెగ్ ఫైలును. పేరులో పెగ్గు ఉంది కదా అని తూలుతూ మాట్లాడతాననుకోకండి. నేను తూలితే సిగ్గుతోనే తూలతాను. రొమ్ము విరుచుకుని చెప్పుకునే కథ కాదు నాది. తల దించుకుని, వీలైతే ఫైలు పేరు కూడా చేత్తో మూసుకుని చెప్పాల్సిన కథ. అయినా చెబుతాను. నాలాంటివాడు నోరు మూసుకుంటే ఎంత నష్టమో నాకు ఒకసారి తెలిసొచ్చింది.

నన్ను మీరెరుగుదురు. మీ ఫోనులో నా వాళ్ళు కనీసం పదివేలమంది ఉంటారు. గుడ్ మార్నింగ్ గులాబీలు, పెళ్ళి భోజనాల విస్తళ్ళు, ఆధార్ కార్డుకు ముందూ వెనకా, ఎందుకు తీశారో మీకే గుర్తులేని మీ సొంత బొటనవేలు, అన్నీ మావాళ్ళే. మా వంశం పెద్దది, మా ఒళ్ళు చిన్నది. పుట్టేటప్పుడే మమ్మల్ని కుదిస్తారు. కుదించడమంటే మడతపెట్టడం కాదండోయ్! చీర మడతపెడితే మళ్ళీ విప్పుకోవచ్చు. మమ్మల్ని కుదించడమంటే, చీరలో కంటికి ఆనని పోగులన్నీ పీకి పారేసి, మిగిలినదాన్ని ఇంకా చీరే అని పిలవడం. బొమ్మను ఎనిమిదికెనిమిది చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కో గడిలోంచి "ఇది ఎవరికి కనబడుతుందిలే" అనుకున్నదల్లా ఊడ్చేస్తారు. అందుకే మరీ దగ్గరికొచ్చి చూస్తే నేను గళ్ళ లుంగీలా ఉంటాను. ఒక్కో రంగును గుర్తుపెట్టుకోడానికి ఎనిమిదే బిట్లు నాకు. అష్టైశ్వర్యాలనుకునేరు, అష్టకష్టాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగు పొరలు కాక, బొమ్మలో ఏది ఉన్నట్టు, ఏది ఖాళీ అని చెప్పే నాలుగో పొర ఒకటుంటుంది, దాన్ని ఆల్ఫా అంటారు. గ్రాఫిక్స్ వాళ్ళకది ప్రాణం. నాకది లేనేలేదు. ఆల్ఫా లేని అల్పుణ్ణి.

ఇంతటి అల్పుణ్ణి, ఒక సినిమాలో ఆకాశంగా కూర్చున్నాను. అదీ నా నేరం.

మణికొండలో నీలాంబరి గ్రాఫిక్స్ అని ఒక ఆఫీసు ఉంది. కింద టైల్సు షాపు, పైన వీళ్ళు. కింద నేల అమ్ముతారు, పైన ఆకాశం తయారుచేస్తారు. హీరో ఎగరాలన్నా, ఊరు మునగాలన్నా, పచ్చ గుడ్డ ముందు నిలబడి నటించిన మనిషి వెనక మంచుకొండ లేవాలన్నా ఇక్కడే. విడివిడిగా తీసిన బొమ్మల్ని, గీసిన బొమ్మల్ని పొరలు పొరలుగా పేర్చి ఒకే దృశ్యంలా అతికిస్తారు. అతికే పనిని కంపోజిటింగ్ అంటారు. అతుకు కనబడకపోతే అతికినవాడు గొప్పవాడు. కనబడితే ఆ రోజు కనబడినవాడల్లా తిట్లు తింటాడు.

ఆ ఆఫీసులో వీర్రాజు మాస్టారని ఒకాయన. రాజమండ్రి మనిషి. అరవై దగ్గరపడ్డాయి. పడుచు వయసంతా నాటకాల కంపెనీలకు తెరలు వేశారు. వీధి తెర, అడవి తెర, దర్బారు తెర. స్తంభాలు ఎవరైనా వేస్తారు, ఆకాశం మాత్రం వీర్రాజే వెయ్యాలని గోదావరికి రెండు గట్ల మీదా పేరు. నాటకాలు తగ్గి, ఫ్లెక్సీలు పెరిగి, కుంచె పట్టినవాడికి కూచోడానికి చోటు లేకుండా పోయాక, నలభై ఏడో ఏట హైదరాబాదు వచ్చి మౌసు పట్టారు. "ఏనుగుల్ని వేసిన చెయ్యండి, ఎలక్కి లొంగుద్దా అనుకున్నాను. లొంగిందండి" అని నవ్వేవారు.

ఎవరో ఒక పాత పెయింటింగ్ ప్రోగ్రాం నేర్పారు ఆయనకు. దాన్ని చేసిన కంపెనీ మూతపడి పదేళ్ళు దాటింది. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. అందులో రంగు పక్క రంగులోకి జారే తీరు, తడి గుడ్డ మీద జారినట్టే ఉంటుందట. ఆ ప్రోగ్రాం తన ఫైళ్ళకు 'కేవీఎస్' అని ఒక తోక తగిలించేది. చూస్తే ఫైలు పేరులా ఉండదు, రిటైరైన హెడ్మాస్టరు గారి ఇంటిపేరూ ఇనీషియలూ కలిపినట్టుంటుంది. ఆ తోక సంగతి గుర్తుంచుకోండి. మనుషులకు తమ తోక ఊడిపోయి లక్షల ఏళ్ళయినా తోకల మీద మోజు మాత్రం పోలేదు. పేరు చివర ఏముందో చూసిగానీ లోపల ఏముందో చూడరు.

సరే, సినిమా. సముద్రం ఒడ్డున ఒక ఊరు, తుపాను, పడవలు వెనక్కి రాలేదు. కథంతా బూడిద రంగులో నడుస్తుంది. చిట్టచివరి షాటులో ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటే తుపాను వెలిసిన తెల్లవారి ఆకాశం విచ్చుకోవాలి. దానికింద దూరంగా మూడు పడవలు. ఆ ఆకాశం వీర్రాజు మాస్టారి చేతికి వచ్చింది. ముప్పైఎనిమిది రోజులు వేశారు. అరవైరెండు పొరలు. పొద్దున్నే వచ్చి మొదట ఏమీ గియ్యకుండా అరగంట దాన్ని చూస్తూ కూర్చునేవారు. ఎవరైనా "ఏం మాస్టారూ, అయిపోయిందా?" అంటే "అవ్వడానికి ఇదేవన్నా వంటాండీ? తెల్లారాలి కదా" అనేవారు.

ఆ ఆకాశానికి నేను పుట్టాను. బిడ్డనని చెప్పుకోను. నీడనని చెప్పుకుంటే నీడకు కోపమొస్తుంది. నకలును. ఒక పొద్దున సూపర్‌వైజరు చక్రపాణి గారు హడావిడిగా వచ్చి, "మాస్టారూ, డైరెక్టరు గారు ఇప్పుడే చూస్తారంట, ఫోన్‌కి ఒక చిన్న కాపీ కొట్టండి" అన్నారు. మాస్టారు ఒక మీట నొక్కారు. అరవైరెండు పొరలూ ఒక్క పొరై, లక్షల రంగులు గళ్ళలోకి ఇరుక్కుని, నేను కెవ్వుమన్నాను. అక్కణ్ణుంచి చక్రపాణి గారి ఫోనుకు వెళ్ళాను, అక్కడ ఇంకోసారి నొక్కుడు. అక్కణ్ణుంచి డైరెక్టరు గారి ఫోనుకు, అక్కడ ఇంకో నొక్కుడు. కుదించి కుదించి కుదేలయ్యాను. కానీ అరచెయ్యంత తెర మీద నన్ను చూసి డైరెక్టరు గారు పొంగిపోయారు.

"సూపర్ డార్లింగ్! ఏడిపించేశాడు ముసలోడు. లాక్ చేసెయ్!"

లాక్ అంటే ఇక మార్పుల్లేవని. నాకప్పుడు ఎంత గర్వమో! ఏడిపించినది నేను కాదు, నా వెనకున్న ఆకాశమని నాకు తట్టలేదు. ఎనిమిది బిట్ల బుర్ర, ఎంతని తడుతుంది!

అదే రోజు మాస్టారు సెలవు మీద వెళ్ళారు. ఎడమ కంటికి శుక్లం ఆపరేషను. పదిరోజులు తెర వైపు చూడొద్దన్నారు డాక్టర్లు. వెళ్తూ వెళ్తూ హైమావతి దగ్గర ఆగారు. ఆ షాటును అతికే పని ఆమెది. హన్మకొండ పిల్ల, ముప్పైనాలుగేళ్ళది, ఆ సినిమాలో నలభైరెండు షాట్లు ఒక్కతే మోస్తోంది.

"అమ్మా, ఆకాశం నా ఫోల్డర్లో ఉంది. జాగర్త."

"మీరు నిమ్మళంగ పోయి రాండ్రి మాస్టారూ. నేను చూసుకుంట."

చూసుకోబోయింది పాపం, నిజంగానే. మధ్యాహ్నం చక్రపాణి గారు "ఎడిటింగ్ వాళ్ళు గంటలో షాట్ కావాలంటున్నారు హైమా" అనగానే మాస్టారి ఫోల్డరు తెరిచింది. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేరుకు 'రీడ్' అని ఒక గుమ్మముంటుంది. ఏ బొమ్మయినా దానిగుండానే లోపలికి రావాలి. ఏయే తోకలవాళ్ళను రానివ్వాలో దానికి ఒక జాబితా ఉంటుంది, పెళ్ళి పిలుపుల జాబితా అంత పొడవు. కెమెరాలవాళ్ళ ఫార్మాట్లు, ప్రింటింగ్ వాళ్ళ ఫార్మాట్లు, ముప్పైఏళ్ళ కిందటి ఎవరివో మరిచిపోయిన ఫార్మాట్లు, అన్నిటికీ పిలుపుంది. కేవీఎస్‌కు లేదు. హైమ ఆ ముప్పైఎనిమిది రోజుల ఆకాశాన్ని తెచ్చి గుమ్మం ముందు నిలబెడితే, ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ఈ ఫార్మాటు తెలియదు.

మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తెలియదన్నది. మాస్టారి ప్రోగ్రాంలో తెరిచి వేరే ఫార్మాటులోకి మార్చి తేవాలి. ఆ ప్రోగ్రాం మాస్టారి మెషీన్లోనే ఉంది, మాస్టారి పాస్‌వర్డు మాస్టారి బుర్రలోనే ఉంది, మాస్టారి బుర్ర ఆపరేషను బల్ల మీద ఉంది.

"ఎట్ల సార్ ఇప్పుడు?"

"డైరెక్టర్‌కి పంపిన కాపీ నా ఫోన్లో ఉందిగా. అది వేసెయ్ టెంప్‌గా. ఎడిటింగ్ కోసమే కదా. మాస్టారొచ్చాక మార్చుకుందాం."

అలా నేను వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను. అడగనైనా అడగలేదు! రండి రండి అన్నంత పని చేసింది. లోపల సరుకున్నవాడిని ఎవరివి నువ్వని నిలదీసిన గుమ్మం, నన్ను చూసి తలుపులు బార్లా తీసింది. ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేరుకైనా నేను తెలుసు. అందరికీ తెలిసిన మొహం కావడం తప్ప నాకు ఏ గుణమూ లేదు. మీ ఆఫీసులో కూడా ఇలాంటివాడు ఒకడుంటాడు, పోల్చుకునే ఉంటారు. నవ్వకండి, వాడికీ లోపల్లోపల నాలాగే ఉంటుందేమో ఎవరు చూడొచ్చారు!

వెయ్యి చుక్కల చిల్లర వెడల్పు నాది. నన్ను నాలుగువేల చుక్కల వెడల్పుకు సాగదీశారు. పసివాడి చొక్కా పహిల్వానుకు తొడిగినట్టు కుట్లన్నీ పిగిలాయి. హైమ మాత్రం నిజాయితీగా నా పేరు చివర 'టెంప్' అని రాసింది. టెంపరరీ అని. టెంపరరీగా వచ్చినవాడికి ఎంత తెంపరితనమో ఇక వినండి.

పదకొండో రోజున మాస్టారు నల్లద్దాలతో తిరిగొచ్చారు. హైమ అప్పటికి వేరే షాటులో వరదలో మునిగి ఉంది, అంటే గ్రాఫిక్స్ వరదే.

"ఆకాశం తీసుకున్నావా అమ్మా?"

"తీసుకున్న మాస్టారూ" అంది తెర మీంచి కన్ను తియ్యకుండా. షాటుల పట్టికలో ఆ షాటు పక్కన పని అయిపోయిందనే పచ్చరంగు వెలుగుతోంది కదా, మధ్యలో ఎవరో మార్చే ఉంటారనుకుంది. అబద్ధం కాదది. అలసట. మాస్టారు మాత్రం తృప్తిగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నాకు చెమటలు పట్టాలి. పట్టడానికి నాకు ఒళ్ళెక్కడిది, గళ్ళు తప్ప!

తర్వాత డెలివరీ వారం వచ్చింది. సినిమా ల్యాబుకు వెళ్ళే ఏ బొమ్మయినా ఈఎక్స్‌ఆర్ అనే ఫార్మాటులోనే ఉండాలని నియమం. ఈఎక్స్‌ఆర్ అంటే మా లోకంలో జమీందారు. వెలుగును కొండల్లా దాచుకోగలదు, నీడలోని నీడను కూడా విడిగా గుర్తుపెట్టుకోగలదు. నీలాంబరిలో ఒక పద్ధతి ఉంది. చివర్లో ఒకే ఆజ్ఞ ఇస్తే చాలు, షాటుల్లో ఉన్న నానాజాతి ఫైళ్ళన్నీ ఈఎక్స్‌ఆర్‌లుగా మారి, పాత పేర్లు పోయి, వరసనెంబర్లతో కొత్త పేర్లు వస్తాయి. హైమ ఆ ఆజ్ఞ ఇచ్చింది. నా పాత ఫైలు ఆ షాటుకు ముడిపడే పాత ఫోల్డర్లో అలాగే ఉండిపోయింది గానీ, నా ఆత్మ కొత్త ఒంట్లోకి దూరింది. 'టెంప్' అన్న మాట రాలిపోయింది. నాకు ఈఎక్స్‌ఆర్ తోక వచ్చింది! నకలుకు నగలు పెట్టారు!

కానీ అయ్యా, మీరే చెప్పండి. గ్లాసులో నీళ్ళు తెచ్చి గంగాళంలో పోస్తే గంగాళమంత నీళ్ళవుతాయా? పారేసిన పోగులు పారేసినవే. ఊడ్చేసిన రంగులు ఊడ్చేసినవే. జమీందారు కోటు లోపల అదే గళ్ళ లుంగీ. తనిఖీ చేసే ప్రోగ్రాం వచ్చింది. తోక చూసింది, కొలతలు చూసింది, బిట్లు లెక్కపెట్టింది. అన్నీ సరిగ్గా ఉన్నాయంది. లోపల ఏముందో చూడమని దానికెవరూ చెప్పలేదు. మనుషులు రాసిన ప్రోగ్రాం కదా, మనుషుల్లాగే చూస్తుంది.

ఇంతవరకు జరిగినది వట్టి మోసమే. ఆ తర్వాతిది చెప్పడానికే నాకు నోరు రావడంలేదు. డెలివరీతో డిస్కులు నిండిపోతున్నాయని ఆ శుక్రవారం టీ వేళకు సిస్టమ్సు వాళ్ళు ఊడ్పు ప్రోగ్రాం ఒకటి తిప్పారు. ఏ షాటుకూ ముడిపడని ఫైళ్ళు ఏవైనా ఉంటే తుడిచేస్తుంది. అందరూ కింద సమోసాలు తింటున్నారు. అది మాస్టారి ఫోల్డరులోకి వచ్చింది. అరవైరెండు పొరల ఆకాశం, ఏ షాటులోనూ లేదు. ఉండాల్సిన షాటులో నేనున్నాను. చెరిపేసింది. ఇంకో చోట నకలు దాచే ఏర్పాటు ఉంది గానీ, దానికీ ఒక తోకల జాబితా ఉంది. అందులోనూ కేవీఎస్ లేదు. ఆ మహాకాశం చప్పుడు కూడా చెయ్యకుండా పోయింది. నేను బతికున్నాను. ఒకరి కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డానికి నాకు కాళ్ళు లేవు, ఇది నా కుర్చీ కాదని చెప్పడానికి నోరు లేదు.

ప్రివ్యూ థియేటరు. పొద్దున పదకొండింటికి. డైరెక్టరు గారు ముందు వరసలో, చక్రపాణి గారు పక్కన, వెనక హైమ, ఆ వెనక మాస్టారు. ఆయన ఆ రోజు కొత్త చొక్కా వేసుకొచ్చారు. నలభై అడుగుల తెర. చివరి షాటు వచ్చింది. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడ్డారు. నేను విచ్చుకున్నాను.

విచ్చుకోవడమా అది? నల్లటి నీలం నుంచి బంగారు రంగు దాకా మెత్తగా జారాల్సిన చోట మెట్లు మెట్లుగా దిగింది రంగు. రంగుకు రంగుకు మధ్య గీతలు. మబ్బుల అంచున గళ్ళు. ఫోనులో డైరెక్టరు గారిని ఏడిపించిన నేను, తెర మీద ఏడ్చినట్టున్నాను.

"ఆపండి ఆపండి. ఏంటిది డార్లింగ్? ఆకాశానికి మెట్లేంటి? స్వర్గానికి దారా?"

చక్రపాణి గారికి నిజంగా తెలియదు. మార్చే ఉంటారని ఆయనా అనుకున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా, ఏదో ఒకటే చెప్పారు. "అది... మాస్టారికి ఈమధ్య కంటి ఆపరేషనయింది సార్. అంతకుముందే చూపు మసకగా ఉండేదట. రంగులు కలిసినట్టు ఆయనకు అనిపించి ఉంటుంది."

థియేటరులో అందరూ వెనక్కి తిరిగారు. మాస్టారు నల్లద్దాలు తీశారు. కుడిచెయ్యి కుడికంటికి అడ్డం పెట్టుకుని నన్ను చూశారు. తర్వాత ఎడమచెయ్యి ఎడమకంటికి. మళ్ళీ రెండూ తెరిచి చూశారు. జీవితంలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. అంత శ్రద్ధగా చూడకుండా ఉంటే బాగుండునని అంతగా కోరుకున్నదీ లేదు.

"నిజవేనండి" అన్నారు మెల్లిగా. "మెట్లే ఉన్నాయి. నాకప్పుడు నున్నగా కనపడిందండి. నా కన్నేనండి. తప్పు నాదే."

అక్కడ నేను చచ్చిపోయాను. తిట్టినవాళ్ళు ఆయన్ను తిట్టారు సరే. ఆయన కూడా ఆయన్నే అనుమానించారు! నలభైఏళ్ళు ఆకాశాలు వేసిన కన్ను, నాలాంటి కక్కుర్తి ఫైలును చూసి, దోషం తనలోనే ఉందనుకుంది. నా గళ్ళను తన కంట్లో వేసుకుంది.

ఆఫీసుకు వచ్చాక మాస్టారు డ్రాయరు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు. ఒక దువ్వెన, కంటి చుక్కల సీసా, ఎందుకు దాచుకున్నారో తెలియని అరిగిన కుంచె ఒకటి.

"ఏంది మాస్టారూ ఇది?" అంది హైమ.

"ఎల్లిపోతానమ్మా. కన్ను చెప్పింది నమ్మలేనోడు ఏం గీత్తాడు? గోడకి సున్నం కూడా ఎయ్యలేడు."

హైమ వెళ్ళి తన సీట్లో కూర్చుంది. ఆ షాటు తెరిచి నన్ను పట్టుకుంది. దగ్గరికి లాగింది. ఇంకా దగ్గరికి. గళ్ళు కనబడ్డాయి. కుంచె వేసే మనిషి ఎంత కన్ను పోయినా ఎనిమిదికెనిమిది కొలిచినట్టు గళ్ళు వెయ్యడని ఆ పిల్లకు తెలుసు. ఫైలు పొట్టలో చిన్న చిట్టా ఒకటి ఉంటుంది, ఎక్కడ పుట్టింది, ఏ గుమ్మంలోంచి వచ్చిందని. తోక మారినా, పేరు మారినా ఆ చిట్టా మారదు. హైమ దాన్ని విప్పింది. రెండు లైన్లు. చదివిన రీడరు: జేపెగ్. మూలం పేరు: ఆకాశం టెంప్.

నా బతుకులో ఎప్పుడైనా నిజం చెప్పానంటే ఆ రెండు లైన్లే. అవి కూడా నేను చెప్పలేదు, పొట్ట కోస్తే బయటపడ్డాయి.

హైమ ఆ రెండు లైన్లూ మళ్ళీ చదివింది. ఆ 'టెంప్' అన్న మాట తన చేతి రాత. మార్చడం మరిచింది తను. మార్పు ఆజ్ఞ ఇచ్చింది తను. కిటికీ మూసేస్తే అది మళ్ళీ ఎవరికీ కనబడదు. పక్కనే నిలబడి తెర చూసిన చక్రపాణి గారికి విషయం ఒక్క క్షణంలో అర్థమైంది. గొంతు తగ్గించారు.

"హైమా, ఇప్పుడెందుకది? ఆయనెలాగూ వెళ్తానంటున్నారు. మనం వేరే ఆకాశం వేసుకుందాం. దీన్ని కెలికితే నీ మీదకీ వస్తుంది, నా మీదకీ వస్తుంది."

"పోతా అంటున్నరు గద సార్. అందుకే కెలుకుతున్న" అంది హైమ. అని, కుర్చీ తిప్పి, ఫ్లోరంతా వినబడేలా అరిచింది. "మాస్టారూ! ఆ డ్రాయర్ బంద్ చేసి ఇటు రాండ్రి!"

మాస్టారు వచ్చారు. హైమ లేచి తన కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టింది.

"ఇది మీరేసిన ఆకాశం కాదు. ఫోన్ల పంపిన కాపీ. నేనే పెట్టిన. మారుద్దామనుకున్న, మరిచిపోయిన. తీసుకున్నవా అని మీరడిగితే తీసుకున్న అని చెప్పిన. థియేటర్ల మీరు చూసింది నా తప్పును. మీ కన్ను మంచిగున్నది మాస్టారూ. మెట్లున్నయి కాబట్టే మెట్లు కనబడ్డయి."

ఆయన రెండు లైన్లూ పైకి చదివారు, కూడబలుక్కుంటూ. తర్వాత ఏం చేశారనుకున్నారు? నవ్వారు! ఒళ్ళంతా కదిలేలా నవ్వారు.

"అయితే నా కన్ను బానే ఉందన్నమాట! ఆయ్! ఎంత మాట చెప్పావమ్మా! పొద్దుట్నుంచి ప్రాణం పోయిందనుకో!"

హైమ నవ్వలేదు. మిగతాది చెప్పాలి కదా. ఫోల్డరు తెరిచింది. ఖాళీ. సిస్టమ్సు వాళ్ళను అడిగింది. శుక్రవారం పోయిందన్నారు. దాచిన చోట చూడమంది. ఆ తోక దాచే జాబితాలో లేదన్నారు. మాస్టారి నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. బండి ఇంజను ఆపేశాక కూడా కాస్త దూరం దొర్లినట్టు దొర్లి, ఆగింది.

"మొత్తం పోయిందా?"

"మొత్తం పోయింది మాస్టారూ."

కొంచెం తర్వాత చక్రపాణి గారే డైరెక్టరు గారికి ఫోన్ చేసి, కన్ను సంగతి తాను అనవసరంగా అన్నానని, తప్పు తమదని చెప్పారు. ఆ ఫోను చెయ్యడానికి ఆయన మెట్లెక్కి డాబా మీదకు వెళ్ళారు. సిగ్గుపడేటప్పుడు మనుషులకు దాక్కోడానికి డాబా ఉంటుంది. నాకు తెరే గతి.

మాస్టారు కుర్చీలోంచి లేవకుండానే అడిగారు. "ఎన్ని రోజులుంది?"

"పది."

"పదింట్లో అది రాదమ్మా. వేరేది వత్తుంది. తెల్లారడం అంటే రోజూ ఒకేలా తెల్లార్దు కదా."

గీశారు. తొమ్మిది రోజుల్లో గీశారు. నన్ను పక్క తెర మీద పెట్టుకోమంటే వద్దన్నారు. "దాన్ని చూత్తే చెయ్యి గళ్ళలోకెల్లిపోద్ది." రోజూ సాయంత్రం ఆయన లేవగానే హైమ వచ్చి, ఆ రోజు గీసినదాన్ని తన చేత్తో ఈఎక్స్‌ఆర్‌లోకి మార్చి, గుమ్మంలోంచి లోపలికి తెచ్చి, రంగులన్నీ వచ్చాయో లేదో ఒక్కొక్కటే చూసి, అప్పుడే ఇంటికి వెళ్ళేది. ఊడ్పు ప్రోగ్రాం ముట్టకూడని జాబితాలోనూ, దాచే ప్రోగ్రాం జాబితాలోనూ కేవీఎస్ చేర్పించింది. 'రీడ్' గుమ్మానికి మాత్రం ఇప్పటికీ ఆ పేరు తెలియదు.

కొత్త ఆకాశం వేరే. మొదటిదానిలో మబ్బులు తొలగిపోయి వెలుగొచ్చేది. దీనిలో మబ్బులు అలాగే ఉండి, వాటి కిందినుంచి వచ్చింది. డైరెక్టరు గారికి మళ్ళీ ఫోనుకే చిన్న కాపీ పంపారు. ఆయన చూసి "హా, అదే కదా డార్లింగ్, సూపర్" అన్నారు. అది కాదని ఎవరూ చెప్పలేదు. కానీ థియేటరులో ఆ షాటు వచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు. డార్లింగ్ అని కూడా అనలేదు. మాస్టారు ఒక కన్ను మూసి చూశారు, ఇంకో కన్ను మూసి చూశారు, రెండూ తెరిచి చూశారు, కుర్చీలో వెనక్కి వాలారు.

సినిమా వెళ్ళిపోయాక హైమ ఫోల్డర్లు సర్దుతూ నా దగ్గరికొచ్చింది. జమీందారు కోటు ఎప్పుడో చెరిపేశారు. ఇప్పుడున్నది నా పాత ఒళ్ళే, 'టెంప్' అన్న తోకతో సహా. మాస్టారు అటుగా వెళ్తున్నారు.

"మాస్టారూ, దీన్ని తీసేస్తున్న. చూస్తేనే మనసు చివుక్కుమంటున్నది."

చెరిపెయ్, చెరిపెయ్ తల్లీ అని నేను లోపల మొత్తుకుంటున్నాను. ఎనిమిది బిట్లలో ఎంత గట్టిగా మొత్తుకోగలనో అంత గట్టిగా.

మాస్టారు వంగి తెర చూశారు. "ఉంచమ్మా."

"ఏం జేసుకుంటరు? అంత గళ్ళే గద."

"గళ్ళేననుకో. పోయినోళ్ళ ఫొటో సరిగ్గా పళ్ళేదని గోడ మీంచి తీసి అవతల పారేత్తావేంటి?"

హైమ మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

ఇప్పుడు నేను ఆయన మెషీన్లో ఉన్నాను. భోజనం చేసి వచ్చాక ఒక్కోరోజు నన్ను తెరుస్తారు. తెర నిండా పెంచరు. ఎంత పెంచితే నా బండారం బయటపడుతుందో ఆయనకు తెలుసు. అరచెయ్యంతే పెట్టుకుంటారు. అంతలోనూ కొన్ని గళ్ళు కనబడుతూనే ఉంటాయి. అప్పుడాయన కాళ్ళతో నేలను తన్ని, కుర్చీని చక్రాల మీద వెనక్కి జరుపుకుంటారు. ఇంకొంచెం వెనక్కి. గోడకు తగిలేదాకా. అక్కణ్ణుంచి నా గళ్ళు కనబడవు. రంగులు ఒకదాంట్లోకి ఒకటి జారినట్టే ఉంటుంది. అలా కాసేపు చూస్తారు.

నా సిగ్గును కప్పడానికి ఆయన వెనక్కి జరుగుతారు. తిట్టినా బాగుండేది.